చెరసాల గోడ, అడవిపల్లె

రాజమహేంద్రవరంలో సెంట్రల్ జైలు ప్రహరీ పక్కగా నడిచేటప్పుడల్లా వెంట వచ్చే విద్యార్థులు గోడకేసి చూసి, "దీన్ని ఎలా దూకుతారండీ మాస్టారూ?" అని అడుగుతూ వుంటారు. సినిమాలు నేర్పిన ప్రశ్న అది. గోడ ఎంత ఎత్తయితే ఉత్కంఠ అంత ఎక్కువని మనవాళ్ల నమ్మకం. నేను దాన్ని ఒప్పుకోలేను.

1956లో ఫ్రెంచి దర్శకుడు రాబర్ట్ బ్రెసాన్ ఒక చిత్రం తీశాడు. మరణశిక్ష పడిన ఖైదీ తప్పించుకున్నాడని పేరులోనే చెప్పేశాడు. ఇక దాచడానికి ఏమున్నది? అయినా ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టే చూస్తాడు. 1943లో, నాజీల ఆక్రమణ కాలంలో, లియాన్ నగరపు మోంట్లూక్ జైలునుంచి నిజంగా తప్పించుకున్న ఆంద్రే దెవిన్యీ అనుభవం ఆ కథకు ఆధారం. కథానాయకుడు చెంచాను నూరి ఉలిగా చేసుకుని, రోజుల తరబడి తలుపు చెక్కల అతుకులు ఊడదీస్తాడు. ఈ పనితనాన్ని విమర్శకులు తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గదే. కాని నామట్టుకు ఉత్కంఠ ఆ చెంచాలో లేదు. అంతా సిద్ధమైన వేళ అతని గదిలోకి ఒక కుర్రవాణ్ణి తెచ్చి పడేస్తారు. శత్రువు పంపిన వేగులవాడా? తనవంటి అభాగ్యుడేనా? చంపాలా, వెంట తీసుకుపోవాలా? చివరకు తీసుకునే పోతాడు. తీరా బయటపడేసరికి, ఇద్దరుంటే తప్ప ఎక్కలేని గోడ ఎదురవుతుంది! పక్కవాణ్ణి నమ్మవచ్చునా అన్న సందేహమే ఆ చిత్రానికి ప్రాణం.

మన గోదావరి మన్యం చరిత్రలో ఇంతకంటె పెద్ద నమ్మకం కథ ఒకటి వున్నది. 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలో అల్లూరి సీతారామరాజు చెరలో వుంటే కొమురం భీం వచ్చి భుజాలమీద ఎత్తుకుపోతాడు. కల్పన అని తీసినవారే చెప్పుకున్నారు గనుక తగవు లేదు. చరిత్రలో జరిగింది మాత్రం దీనికి తలకిందులు. చెర తలుపు తెరిపించినవాడు సీతారామరాజు.

మొట్టడం వీరయ్యదొర అంతకుముందే తెల్లప్రభుత్వాన్ని ఎదిరించి, చెరనుంచి తప్పించుకుని, అడవిలో తిరిగి, మళ్లీ పట్టుబడినవాడు. ఒంటరిగా పారిపోవడం ఎంతవరకు సాగుతుందో అతనికి తెలుసు. అతన్ని రాజవొమ్మంగి పోలీసు స్టేషనులో వుంచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద సీతారామరాజు దళం పడింది. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు చిక్కాయి. రాజవొమ్మంగిలో తుపాకులతోపాటు ఒక మనిషి కూడా బయటికి వచ్చాడు.

ఇక్కడ ఉత్కంఠ ఎవరిది? లోపల వున్న వీరయ్యదొరదా, కాపలా పోలీసులదా? అక్టోబరు 15న అడ్డతీగల స్టేషనుకు ముందే కబురు పంపి మరీ వెళ్లారు. రహస్యమే ఆయువుపట్టు అనుకునే సినిమా రచయిత దీన్ని ఏం చేసుకుంటాడు? ఎదురుచూడవలసిన పని జైలరుకు పడింది!

తలుపు తెరుచుకోగానే సినిమాల్లో సంగీతం మోగుతుంది, కథ ముగుస్తుంది. మన్యంలో అప్పుడే మొదలయింది. పోడు కొట్టుకోనివ్వని అడవి చట్టాలు, నర్సీపట్నంనుంచి చింతపల్లికి వేసే రోడ్డుమీద కూలి ఎగ్గొట్టి చేయించిన వెట్టి, ముఠాదార్ల హక్కుల నష్టం: ఇవి ఆ పల్లెలను దళానికి చుట్టాలుగా చేశాయి. సర్కారు సీతారామరాజు తలకు పదివేల రూపాయల వెల కట్టింది. అంబలి తాగి బతికే కొండవాడికి ఆ అంకె అర్థమయినా అవుతుందా? మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్సు వచ్చింది. ఏదో ఒక గుడిసెలో ఎవరో ఒకరు నోరు విప్పితే చాలు. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపేదాకా, చింతపల్లి దాడినుంచి లెక్కవేస్తే 20 నెలలకు పైగా, ఆ దళం అడవిలో మసలగలిగింది. అందరూ మౌనంగానే వున్నారని నేను అనను. బెదిరినవారు వున్నారు, ఆశపడినవారూ వున్నారు. ఆ అనుమానం వున్నందువల్లనే ప్రతి రాత్రీ ఉత్కంఠ.

గుమ్మంలో ఒక కొండ ఆడమనిషి చోళ్లు దంచుతూ వుంటుంది. ఎదురుగా తుపాకీతో సిపాయి నిలబడి, నిన్న రాత్రి ఇటు ఎవరు వెళ్లారని అడుగుతాడు. ఆమె రోకలి ఆపదు. దర్శకుడు ఆ గుమ్మంలో కెమెరాను ఎంతసేపు నిలపగలడు? నేను చూసిన తెలుగు చిత్రాల్లో ఎవరూ నిలపలేదు.