ఆర్డరు మెయిల్ స్పామ్‌లో పడితే నర్సరీ రైతు ఏం చేయాలి?

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి నర్సరీల్లో మొక్కల బేరం ఫోనులోనే కుదిరినా, కంపెనీలు, వెంచర్ల వాళ్లు కొనుగోలు ఆర్డరును చాలాసార్లు మెయిల్‌లోనే పంపుతారు. ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌కు రాకుండా స్పామ్ ఫోల్డరులో పడితే ఫోనులో చప్పుడే ఉండదు. ఆర్డరు రాలేదని మీరు, జవాబు లేదని వాళ్లు అనుకునేలోపు లోడు మరో నర్సరీ నుంచి వెళ్లిపోతుంది.

జీమెయిల్‌లో స్పామ్‌కు చేరిన మెయిల్ 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. పైన ఉండే వెతుకు పెట్టెలో పేరు కొట్టినా మామూలుగా స్పామ్‌లోవి కనిపించవు. కాబట్టి ఆ ఫోల్డరు తెరిచే చూడాలి. యాప్‌లో ఎడమ పక్క మూడు గీతలు నొక్కి కిందికి జరిపితే స్పామ్ వస్తుంది. మెయిల్ తెరిచి ‘స్పామ్ కాదు’ అని నొక్కితే ఇన్‌బాక్స్‌కు మారుతుంది. వెంటనే పంపినవారి చిరునామాను కాంటాక్టుల్లో చేర్చి, ఒక ముక్క జవాబు రాయండి. చాలామందికి ఇంతటితో సరిపోతుంది.

అయినా మళ్లీ అక్కడికే పోతుంటే కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగులు తెరిచి, ఆ చిరునామాకు ఫిల్టరు పెట్టి, ‘ఎప్పుడూ స్పామ్‌కు పంపవద్దు’ అన్నదానికి టిక్కు పెట్టాలి. ఫోను యాప్‌లో ఈ వీలు లేదు. ఇంటర్నెట్ సెంటరులో చేయిస్తే పని కాగానే లాగౌట్ చేసి రండి. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది, అది మానుకోవాలి.

స్పామ్‌లోనూ లేకపోతే ప్రమోషన్స్ అనే విభాగం చూడండి. ఖాతాలో జాగా ఉందో లేదో కూడా చూడాలి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిళ్లతో పాటు గూగుల్ ఫోటోస్, డ్రైవ్‌లలో దాచినవీ లెక్కకొస్తాయి. మొక్కల ఫోటోలు, వీడియోలతో అది నిండితే కొత్త మెయిల్ అసలు రాదు, పంపినవారికే తిరిగి వెళ్తుంది.

స్పామ్‌లో ఉన్నదల్లా మంచిదే అనుకోవద్దు. అక్కడ ఎక్కువ భాగం నిజంగా చెత్తే. పేరు చూసి మోసపోకుండా ‘ఎట్’ గుర్తు తర్వాత ఏముందో చదవండి. ప్రభుత్వ శాఖ అని చెప్పుకుంటూ మామూలు జీమెయిల్ నుంచి వస్తే అనుమానించాల్సిందే. పెద్ద ఆర్డరు ఇస్తాం, అడ్వాన్సు కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే అది మోసం. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మీరు పంపే కొటేషన్ కూడా అవతలివారి స్పామ్‌లో పడవచ్చు. నర్సరీ పేరుతో సొంత వెబ్‌సైటు చిరునామా నుంచి మెయిల్ పంపేవారు, ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రెండూ పెట్టారా అని సైటు చేసినవారిని అడగండి. పంపింది నిజంగా మీరేనని రుజువు చేసే ఏర్పాట్లివి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే ప్రతివారికీ వీటిలో కనీసం ఒకటి ఉండాలని గూగుల్ నిబంధన పెట్టింది. మామూలు జీమెయిల్ వాడేవారికి ఈ బాధ లేదు. ధరల పట్టికను అడగనివారికి వందల మందికి ఒకేసారి పంపకండి. వాళ్లు స్పామ్ అని నొక్కేకొద్దీ మీ చిరునామాకే చెడ్డపేరు వస్తుంది. విషయం వరుసలో మొక్క పేరు, సంఖ్య రాసి, కొటేషన్ పంపిన రోజే ఫోన్ చేసి స్పామ్‌లో కూడా చూడమని చెప్పండి.