ట్యాగులు, మన పేర్లు: ఉమ్మడి నోట్సు నేర్పిన చరిత్ర

మా నాన్న ఐదో తరగతి టీసీలో కులం ఎదురుగా 'ఆది ఆంధ్ర' అని రాసి ఉంటుంది. మా నాయనమ్మ పోయేదాకా 'మేం మాదిగోళ్ళం' అనే చెప్పుకుంది. నేను యూనివర్సిటీలో చేరిన రోజు ఆఫీసు గుమాస్తా ఫారం చూసి 'ఎస్సీనా?' అన్నాడు. ఆ సాయంత్రమే హాస్టల్లో ఒక అన్న చేతిలో కరపత్రం పెట్టి 'మనం దళితులం' అన్నాడు. ఒక్క ఇంట్లో, మూడు తరాల్లో, నాలుగు పేర్లు. ఈ నాలుగింటినీ ఒక్కటి చేస్తే ఏం పోతుందో మాకు చివరికి ఒక నోట్సు యాప్ నేర్పింది. దాన్ని మనలాంటి పని చేసే మిగతావాళ్ళ ముందు పెట్టాలని ఈ వ్యాసం.

మేం ఏడుగురం. కొందరం పరిశోధక విద్యార్థులం, ఇద్దరు బడిపంతుళ్ళు, మిగతావాళ్ళు సంఘం పనిలో ఉన్నవాళ్ళు. ఊళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పిన కథనాలు, కాగితాల ఫొటోలు, పాత పత్రికల్లోంచి ఎత్తి రాసుకున్న ముక్కలు, అన్నీ ఒకే యాప్‌లో పెడతాం. అందులో ప్రతి నోటుకూ ట్యాగులు తగిలించవచ్చు. బీరువాలో కాగితం ఒక ఫైల్లోనే ఉంటుంది. ట్యాగు అట్లా కాదు, అది అంటించే చీటీ లాంటిది. ఒకే నోటుకు ఊరి చీటీ, సంవత్సరం చీటీ, విషయం చీటీ అన్నీ అంటించుకోవచ్చు. ఏ చీటీ పట్టుకుని వెతికినా నోటు దొరుకుతుంది.

అయితే ఏడుగురు ఏడు తీర్లుగా చీటీలు రాస్తే ఏమవుతుంది? కారంచేడుకే మా దగ్గర నాలుగు ట్యాగులు తయారయ్యాయి. ఒకరు 'కారంచేడు' అని, ఒకరు 'కారంచేడు ఘటన' అని, ఒకరు సంవత్సరం కలిపి, మరొకరు ఇంగ్లీషు అక్షరాల్లో. 'దళిత్' అనే ట్యాగు రెండుసార్లు కనిపించేది, అక్షరాల్లో ఏ తేడా లేకుండా. తర్వాత తెలిసింది, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాయి. మనకు ఒకటే మాట, యంత్రానికి రెండు. ఒక ట్యాగు నొక్కితే సగం నోట్సు, ఇంకోటి నొక్కితే మిగతా సగం.

ఇది చూసి విసిగిన ఒక తమ్ముడు ఆదివారం రాత్రి కూర్చుని అంతా శుభ్రం చేశాడు. కారంచేడు నాలుగూ ఒకటి చేశాడు, మంచిదే. ఆ ఊపులోనే 'మాల', 'మాదిగ', 'ఆది ఆంధ్ర', 'పంచమ', 'అరుంధతీయ', 'హరిజన' అన్న ఆరింటినీ 'దళిత'లో కలిపేశాడు. 'అన్నీ ఒకటే కదన్నా' అన్నాడు. తీసేసిన నోటుకు ఆ యాప్‌లో చెత్తబుట్ట ఉంది, కొన్నాళ్ళు అందులో ఉంటుంది. కలిపేసిన ట్యాగుకు చెత్తబుట్ట లేదు.

నోట్సన్నీ మళ్ళీ చదివి పాత పేర్లు తిరిగి రాసుకున్నాం. కొన్నింటికి సాధ్యం కాలేదు. ఒక ముసలామె తన చిన్ననాటి బడి గురించి చెప్పిన నోటు ఉంది. ఆమె తనను తాను ఏమని చెప్పుకుందో, రాసుకున్న మిత్రుడు ట్యాగులో మాత్రమే పెట్టాడు, నోటులో రాయలేదు. ఆయనకిప్పుడు గుర్తు లేదు. ఆమె లేదు. ఆమె నోట 'హరిజన' వచ్చిందో, 'ఆది ఆంధ్ర' వచ్చిందో, 'మాల' అన్నదో ఇక తెలుసుకునే దారి లేదు.

ఆ తమ్ముణ్ణి తిట్టి లాభం లేదు. మన పేర్లను కలపడం, మార్చడం అతనితో మొదలు కాలేదు.

1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో సభ పిలిచారు. హైదరాబాదు నుంచి అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే కాదన్నాడు. మనం అయిదో వర్ణం కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం అన్న వాదం మీద అది ఆది ఆంధ్ర మహాసభ అయ్యింది. 1922లో మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో పంచమ, పరయ వంటి మాటలకు బదులు తెలుగు ప్రాంతంలో ఆది ఆంధ్ర, తమిళ ప్రాంతంలో ఆది ద్రావిడ అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది. 1931 జనగణనలో కోస్తాలో చాలామంది మాల మాదిగలు ఆది ఆంధ్రులుగా రాయించుకున్నారు. హైదరాబాదు రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ ఉద్యమ ఫలితంగా ఆది హిందూ అనే పేరు లెక్కల్లోకి ఎక్కింది. 1933లో గాంధీ 'హరిజన్' పత్రిక పెట్టాడు, ఆ పేరు పైనుంచి వచ్చి మన వాడల మీద, హాస్టళ్ళ మీద, బోర్డుల మీద కూర్చుంది. 1935 చట్టం షెడ్యూల్డు కులాలు అన్నది, 1936లో జాబితా వచ్చింది. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ వచ్చారు. 1985లో కారంచేడు తర్వాత దళిత మహాసభతో 'దళిత' అన్న మాట మన తెలుగునాట ఊరూరా వినబడింది.

ఈ వరసలో ఒక తేడా గమనించాలి. 1917లో పేరు మార్చింది సభలో కూర్చున్న మనవాళ్ళు. 1933లో పేరు పెట్టింది వేరేవాళ్ళు. కాబట్టి కలపడమే తప్పని నేననడం లేదు. ఎవరు కలిపారు, ఎవరిని అడిగి కలిపారు, పాత పేరు ఎక్కడన్నా మిగిల్చారా అన్నవే ప్రశ్నలు.

ఇంకొకటి కూడా జరిగింది. అందర్నీ ఒక గొడుగు కిందికి తేవాలని పుట్టిన 'ఆది ఆంధ్ర' చివరికి షెడ్యూల్డు కులాల జాబితాలో ఒక కులంగా మిగిలింది. మాల పక్కన, మాదిగ పక్కన, రెల్లి పక్కన ఇంకో వరస. భాగ్యరెడ్డి వర్మ కాదన్న 'పంచమ' కూడా ఆ జాబితాలో ఉంది. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో 59 కులాలను ఎ, బి, సి, డి గ్రూపులు చేసినప్పుడు మాదిగలు బి, మాలలు సి, ఆది ఆంధ్రులు డి. నాయనమ్మ మాట ప్రకారం మేం బి, నాన్న టీసీ ప్రకారం డి. ట్యాగుల భాషలో చెప్పాలంటే, తల్లి ట్యాగు పిల్ల ట్యాగుల పక్కన పడిపోయింది. దేని కింద ఏది ఉందో ఎవరూ రాసి పెట్టలేదు.

ఇదేదో గతించిన గొడవ కాదు. 1994లో మొదలైన మాదిగ దండోరా అడిగింది ఈ లెక్కే కదా: 'దళిత' అన్న పెద్ద పేరు కింద ఎవరి వాటా ఎవరికి పోతున్నది? 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెయ్యవచ్చని తీర్పు చెప్పింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని అమల్లోకి తెచ్చాయి. ముప్ఫై ఏళ్ళు పోరాడి విడదీయించుకున్నదాన్ని మా నోట్సులో మేమే ఒక్క రాత్రిలో కలిపేశాం.

లైబ్రరీ వాళ్ళు ఈ సమస్యను మనకంటే ముందే చూశారు. అమెరికాలో హోవర్డ్ యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసిన డొరతీ పోర్టర్ అనే నల్లజాతి లైబ్రేరియన్ సంగతి చూడండి. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో నల్లవాళ్ళు రాసిన పుస్తకం కవిత్వమైనా సరే, తీసుకెళ్ళి 326లోనో 325లోనో పెట్టేవాళ్ళు. 326 అంటే బానిసత్వం, 325 అంటే వలసలు. ఆమె ఆ అంకెలను కాదని, కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో పెట్టింది. మా 'దళిత' ట్యాగు కూడా 326 లాగానే తయారైంది. కూలి లెక్క, పెళ్ళి పాట, చర్చి రిజిస్టరు, హత్య కేసు, అన్నీ అందులోనే. నొక్కితే మొత్తం నోట్సు వస్తుంది. మొత్తం వస్తే ఏమీ రానట్టే.

మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించాడు. ఏ విషయాన్నయినా ఒకే గడిలో కుక్కకుండా ముఖాలుగా విడదీయమన్నాడు. ఆయన చెప్పిన అయిదు ముఖాల్లో స్థలం ఒకటి, కాలం ఒకటి. మన పనికి ఇది అచ్చంగా సరిపోతుంది. చాలా యాప్‌లలో ట్యాగు లోపల గీత గీసి 'స్థలం/చుండూరు', 'కాలం/1991', 'విషయం/భూమి' అని రాసుకోవచ్చు. ఎవరు రాసినా ఒకే తీరుగా వస్తుంది, వెతకడమూ తేలిక.

దెబ్బ తిన్నాక మేం పెట్టుకున్న నియమాలు ఇవి. మనిషి తనను తాను ఏమని చెప్పుకున్నాడో, కాగితం మీద ఏముందో, ముందు నోటులోనే రాయాలి, ఆ తర్వాతే ట్యాగు. పేర్లకు రెండు వరసలుండాలి. 'మూలం/ఆది ఆంధ్ర', 'మూలం/హరిజన' అన్నవి కాగితంలో ఉన్న మాటలు. వాటిని ఎవరూ ముట్టకూడదు, మనకు నచ్చకపోయినా సరే. 'విషయం/దళిత' అన్నది మనం చదివి పెట్టే మాట, దాన్ని చర్చించి మార్చుకోవచ్చు. అచ్చు తప్పులు, జంట ట్యాగులు ఎవరైనా కలపవచ్చు. కులం పేరు, ఉద్యమం పేరు కలపాలంటే అందరం కూర్చున్న చోటే జరగాలి. ఏ ట్యాగుకు ఏమర్థమో, ఏది ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో రాయడానికి ఒక నోటు తెరిచాం, దాని పేరు 'ట్యాగుల పుస్తకం'. ఏదన్నా కలిపే ముందు మొత్తం నోట్సు ఒక కాపీ దింపి పక్కన పెడతాం. సాక్షుల పేర్లు, బతికున్నవాళ్ళ ఇంటిపేర్లు ట్యాగులుగా పెట్టం. ఊరు, కులం, పేరు మూడూ ఒక చోట కలిస్తే మనకే కాదు, ఆ మనిషిని వెతికే ఇంకెవరికైనా దొరుకుతాడు.

'ఇంత చాదస్తమా, పోరాటానికి ఒక్క పేరు చాలదా' అని ఒక మిత్రుడు అడిగాడు. ఊరేగింపుకు చాలుతుంది. కానీ చరిత్ర రాసేటప్పుడు మా నాయనమ్మ మాట, మా నాన్న టీసీ, హాస్టల్ అన్న కరపత్రం మూడూ మూడు సాక్ష్యాలు. ఒకదాన్ని ఇంకోదాంట్లో కలిపితే రెండు సాక్ష్యాలు పోయినట్టే. దీని మీద మిగతా మిత్రులు కూడా తమ అనుభవాలు రాస్తే బాగుంటుంది.

నాన్న టీసీ ఫొటోకు ఇప్పుడు 'మూలం/ఆది ఆంధ్ర' అని ఉంది. నాయనమ్మ మాటకు 'మూలం/మాదిగ'. ఆ ముసలామె నోటుకు 'మూలం/పోయింది' అని కొత్త ట్యాగు ఒకటి పెట్టాం. దాన్ని ఎవరూ, ఎప్పుడూ, ఇంకో దానిలో కలపకూడదని ట్యాగుల పుస్తకంలో మొదటి వరసలోనే రాసుకున్నాం. రాసింది ఆ తమ్ముడే.