కడుపు నిండినను తీరని ఆకలి

భోజనానంతరము "అన్నదాతా సుఖీభవ" యని దీవించుట మన పెద్దల ఆచారము. ఆ దీవెన అన్నము పెట్టినవారికి చెందును. తిన్నవాని దేహమునకు ఆ అన్నమువలన ఏమి చేకూరినదనునది వేరు ప్రశ్న. దానికి సమాధానము వెదకు సంస్థ యొకటి హైదరాబాదులో, తార్నాకవద్ద, ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంతనే కలదు. అదియే జాతీయ పోషకాహార సంస్థ.

విశ్వవిద్యాలయమును, ఈ సంస్థయు 1918లోనే పుట్టినవి. అయితే సంస్థ పుట్టినది నీలగిరులలోని కూనూరులో. బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై మెకారిసన్ అను వైద్యుడు దానిని ఒక్క గదిలో ఆరంభించెను. బియ్యమును తెల్లగా మరపట్టించి, తవుడుతోపాటు సత్తువను పారబోసికొనువారికి వచ్చు జబ్బు అది. మెకారిసన్ చేసిన ఎలుకల పరీక్షను గూర్చి మేమిచట చెప్పక తప్పదు. ఆయన దేశములోని వివిధ ప్రాంతములవారి భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలుగల సిక్కుల భోజనము తిన్నవి అన్నింటికన్న పుష్టిగా పెరిగినవి. మదరాసీల భోజనము తిన్నవి అన్నింటికన్న చిక్కిపోయినవి. ఆనాడు మదరాసు రాజధానిలో ఆంధ్రులును ఉండిరి గనుక ఆ ఎలుకలు మనకును బంధువులే!

అటుపిమ్మట ఆ సంస్థకు అధిపతియైన ఐక్రాయిడు 1943నాటి వంగదేశపు కరవును విచారించిన సంఘములో సభ్యుడు. మృతులు 15 లక్షలని ఆ సంఘము అంచనా వేసెను. తరువాతి పండితుల అంచనాలు ఇంకను హెచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో పోషకాహార విభాగమునకు తొలి సంచాలకుడును ఆయనయే.

కరవు అందరికిని కనబడును. కనబడని ఆకలి వేరొకటి కలదు. 1958లో కూనూరు సంస్థ హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట ఆ ఆకలి దాని వాకిటనే ఎదురైనది. జొన్నరొట్టె, జొన్నగటకలతోనే కాలము గడుపు పేదలకు ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పొలుసులూడుట, విరేచనములు, ముదిరినచో మతి చలించుట కనబడెను. దీని పేరు పెల్లాగ్రా. అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్నపై బ్రతికిన బీదలను పీడించినదియు ఇదియే. జొన్నలలో లూసిన్ అను అమైనో ఆమ్లము హెచ్చుగా ఉండుటయే మూలమని గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో ప్రతిపాదించిరి. దానిపై వాదములు లేకపోలేదు. జొన్నను మాత్రము మేము నిందింపము. పాలును, పప్పును తోడైన యింట ఆ జబ్బు అరుదు. పంట పండించిన చేతులకే ఆ తోడు కరవగుట విచారకరము.

పసిపిల్లల కన్నుల సంగతి ఇంకను దారుణము. విటమిన్ 'ఎ' చాలక మొదట రేచీకటి, తుదకు అంధత్వము. పెరటిలో మునగచెట్టు ఉండగనే ఇట్లగుట కలదు! ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల మందును నోట పోసినచో ఆ ముప్పు తగ్గునని తార్నాక పరిశోధకులు చూపిరి. 1969లో ఆ సంస్థకు నేటి పేరు వచ్చెను. మరుసటి యేడు, 1970లో, ఆ చెంచాడు మందు దేశవ్యాప్త కార్యక్రమమై పల్లెలకు బయలుదేరెను.