ఆరోగ్యవరం చూపిన దారిలో జూదరికి వైద్యం

మన దగ్గర జూదం చరిత్ర ఎక్కువగా పోలీసు కేసుల చరిత్రే. తోటలో పేకాట శిబిరంపై దాడి, చాప మీద చెదిరిన ముక్కలు, స్వాధీనమైన నగదు, సెల్‌ఫోన్లు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పేపరు చదివేవారికి ఇది పాత వార్తే. 1930 మద్రాసు గేమింగ్ చట్టం నుంచి 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం దాకా ప్రభుత్వాల చూపు ఆట మీద, ఆడించే చోటు మీద నిలిచింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. పందెం వదిలి లేవలేకపోయే మనిషి సంగతి ఆ తీర్పు పరిధిలోకి రాలేదు. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించి, ఆడేవాడికీ జైలుశిక్ష పెట్టింది. 2025 కేంద్ర చట్టం మాత్రం ఆడించేవారిని శిక్షిస్తూ ఆడేవాడిని వదిలేసింది. ఇది మంచి మలుపే. కానీ వదిలేయడం వేరు, వైద్యం చేయడం వేరు.

ఆ తేడా తెలియడానికి మదనపల్లె చరిత్రే చాలు. క్షయ వచ్చిందంటే సంబంధాలు తప్పిపోతాయని ఇళ్లలో దాచిన కాలంలో, 1912లో పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఇక్కడ శానటోరియం మొదలుపెట్టాయి. 1915 నుంచి ఊరి దగ్గరి ఆరోగ్యవరంలో అది స్థిరపడింది. మందులు రాని రోజుల్లో విశ్రాంతి, బలమైన తిండి, ఆరుబయటి గాలి, ఇవే చికిత్స. మందులు వచ్చాక, ఇంట్లోనే ఉండి వాడినవారు శానటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో మద్రాసు పరిశోధకులు చూపించారు. దాచుకోవాల్సిన జబ్బు మొదట ఆసుపత్రికి చేరింది, తర్వాత ఇంట్లోనే నయం కావడం మొదలైంది. జూదరి విషయంలో మనం ఇంకా ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

క్షయకు క్రిమి ఉంది, జూదం చేజేతులా తెచ్చుకున్నది కదా అనవచ్చు. నిజమే, దీనికి క్రిమి లేదు, దీని కోసమే ఆమోదించిన మందూ లేదు. అయినా 1980లో అమెరికా మనోవైద్యులు దీన్ని రుగ్మతగా గుర్తించారు. 2013లో మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చారు. దీనికి కౌన్సెలింగ్‌తో చేసే చికిత్స రోగి బాధ్యతను తగ్గించదు, పెంచుతుంది. ఆడాలని ఎప్పుడనిపించింది, అప్పుడు చేతిలో ఎంత డబ్బుంది, అంతకుముందు ఇంట్లో ఏం జరిగింది అని అతనే రాసుకు రావాలి. పోయిన డబ్బు తర్వాతి ఆటలో తిరిగొస్తుందన్న నమ్మకాన్ని ఆ లెక్కలతోనే కౌన్సెలర్ సడలిస్తాడు. ఏటీఎం కార్డు, ఫోన్‌లోని చెల్లింపుల యాప్ కొంతకాలం ఇంటివారి అధీనంలో ఉంటాయి. అప్పుల చిట్టా దాచకుండా బయటపెట్టాలి.

నిషేధం ఉండగా ఇదంతా ఎందుకనే వాదన కూడా ఉంది. నిషేధంతో కొత్తవాళ్లు తగ్గవచ్చు, పాత అప్పూ పాత తపనా పోవు. పైగా కేసవుతుందన్న భయం ఉన్నచోట జూదరి భార్య డాక్టరు దగ్గరైనా నోరు విప్పదు. కుప్పంలో వైద్య కళాశాల ఉంది. రైలెక్కితే దగ్గర్లోనే ఉన్న బెంగళూరులో, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే ఫోన్, ఆటల వ్యసనాలకు క్లినిక్ తెరిచింది. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ సలహాదారు తెలుగులోనే మాట్లాడతారు. ఇక కావలసింది మన ఆసుపత్రుల్లో ఒక అలవాటు: పురుగుమందు తాగి వచ్చిన మనిషి తేరుకున్నాక, అప్పులున్నాయా, ఆటల్లో పోయాయా అని డాక్టరు మెల్లగా అడగడం.