మాట ఎక్కడి నుంచి రావాలి? – సరౌండ్ ప్రాసెసర్ పుట్టుపూర్వోత్తరాలు

ఈ రోజుల్లో మన పెన్షనర్ల ఇళ్లలో టీవీ కింద ఒక నల్లని పెట్టె, గదిలో ఐదారు స్పీకర్లు కనబడడం వింత కాదు. అబ్బాయో అమ్మాయో ప్రేమగా కొని, బిగించి, రిమోటు చేతికిచ్చి ఉద్యోగానికి వెళ్లిపోతారు. దాని మీద ఉన్న బొత్తాలు చూసి మనలో చాలామంది దానిని పక్కన పెట్టేస్తారు. ఫలితం అందరికీ తెలిసినదే. సినిమాలో ఫైటు వస్తే కిటికీ తలుపులు అదురుతాయి, మాటలు వస్తే ఒక్క ముక్క తెలియదు. సౌండు పెంచితే పిల్లల చదువుకు ఇబ్బంది, తగ్గిస్తే మనకు అర్థం కాదు. చివరికి ఇంటి పెద్ద తన గదిలోకి వెళ్లి పేపరు పట్టుకుంటాడు. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే ఆ రెండు గంటలూ ఆయనకు దక్కవు.

ఆ నల్లని పెట్టెలో శబ్దాన్ని విడదీసి ఏ స్పీకరుకు ఏది పంపాలో నిర్ణయించే భాగమే సరౌండ్ ప్రాసెసర్. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే దానిని వాడుకోవడం కష్టం కాదని నా అభిప్రాయం. తొంభై ఏళ్లు దాటిన దాని చరిత్రలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. తెర మీద మనిషి మాట్లాడితే ఆ మాట ఎక్కడి నుంచి రావాలి?

తొలి ప్రయత్నాలు

ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థలో ఆలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1931 ప్రాంతంలో భార్యతో సినిమాకు వెళ్లినప్పుడు, నటుడు తెరకు ఒక వైపున ఉంటే అతని గొంతు మరో చోటి నుంచి రావడం ఆయనకు నచ్చలేదని, దానికి తాను ఉపాయం కనిపెట్టగలనని భార్యతో అన్నాడని చెబుతారు. ఆ ఏడాది డిసెంబరులోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. నేడు మనం స్టీరియో అంటున్న దానికి అది మూలపత్రం వంటిది. పాపం, ఆయన 1942లో రాడారు పరీక్షలు జరుపుతున్న విమానం కూలి మరణించాడు.

అమెరికాలో బెల్ ప్రయోగశాల వారు 1933 ఏప్రిల్‌లో మరొక ప్రదర్శన చేశారు. ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తుంటే మూడు మైకులు పెట్టి, మూడు టెలిఫోను లైన్ల ద్వారా సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని వాషింగ్టన్ హాలుకు పంపి, అక్కడ తెర వెనుక మూడు స్పీకర్లలో వినిపించారు. ఇక్కడ మూడు అన్న అంకె ముఖ్యం. రెండే స్పీకర్లు ఉంటే సరిగ్గా మధ్యన కూర్చున్నవాడికి మాత్రమే గొంతు నడుమ నుంచి వచ్చినట్లు ఉంటుంది. పక్కకు జరిగితే అది దగ్గరి స్పీకరు వైపు జారిపోతుంది. మధ్యలో మూడవది ఉంటే మాట అక్కడే నిలబడుతుంది. మన ఇంట్లో టీవీ కింద పొడుగ్గా పడుకోబెట్టి ఉండే సెంటర్ స్పీకరు ఆ మూడవ దాని వారసురాలే.

1940లో వాల్ట్ డిస్నీ తీసిన 'ఫాంటాసియా' ఈ పద్ధతిని సినిమా హాలులోకి తెచ్చింది. అయితే అది ఖర్చుతో కూడిన పని, పైగా యుద్ధకాలం. కొద్ది హాళ్లలోనే ఆ ఏర్పాటు జరిగింది. 1953లో సినిమాస్కోప్ మొదటి చిత్రం 'ది రోబ్' నాలుగు అయస్కాంత ట్రాకులతో వచ్చింది. తెర వెనుక మూడు, ప్రేక్షకుల చుట్టూ ఒకటి. ఆ ప్రింట్ల ధర ఎక్కువ, వాడగా వాడగా ట్రాకులు అరిగేవి. అందువల్ల చాలా హాళ్లు పాత ఒంటి స్పీకరుతోనే కాలక్షేపం చేశాయి. మన తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో, 70 ఎం.ఎం. తెర, ఆరు ట్రాకుల శబ్దంతో 'సింహాసనం' 1986లో వచ్చిన సంగతి మన తరం వారికి గుర్తుండే ఉంటుంది. రెండూ కృష్ణ గారి చిత్రాలే.

రే డాల్బీ – మన దేశంతో ఒక బంధం

ఇప్పుడు ప్రతి పెట్టె మీదా కనబడే డాల్బీ అన్న పేరు ఒక మనిషిది. రే డాల్బీ 1933లో అమెరికాలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో పరిశోధన ముగించుకొని, 1963 నుంచి 1965 వరకు ఐక్యరాజ్య సమితి సాంకేతిక సలహాదారుగా మన దేశంలో పని చేశాడు. ఇక్కడి నుంచి వెళ్లి 1965లో లండన్‌లో తన సంస్థను స్థాపించాడు. టేపు తిరిగేటప్పుడు వచ్చే 'స్...' అనే రొదను తగ్గించే పరికరం ఆ సంస్థ తొలి సరుకు. ఆయన 2013లో మరణించాడు.

ఆ రొద తగ్గింది గనుకనే తరువాతి మెట్టు సాధ్యమైంది. 1970లలో డాల్బీ సంస్థ సినిమా రీలు అంచున ఉండే సన్నని శబ్దపు గీత స్థలంలోనే రెండు ట్రాకులు ఇరికించి, ఆ రెండింటిలో నాలుగు మార్గాల శబ్దాన్ని నింపింది. 1977లో 'స్టార్ వార్స్' విజయంతో ఈ పద్ధతి ప్రపంచమంతా తెలిసింది.

రెండు కవర్లలో నాలుగు సెక్షన్ల కాగితాలు

రెండింటిలో నాలుగు ఎలా పడతాయి? నేను సర్వీసులో చాలా ఏళ్లు టపా సీటు చూసినవాణ్ణి కనుక మన ఆఫీసు భాషలోనే మనవి చేస్తాను.

నాలుగు సెక్షన్ల కాగితాలు రెండే కవర్లలో వచ్చాయనుకోండి. ఎడమ కవరులో మాత్రమే ఉన్న కాగితం ఎడమ సెక్షనుకు, కుడి కవరులో మాత్రమే ఉన్నది కుడి సెక్షనుకు వెళ్లాలి. రెండు కవర్లలోనూ ఒకే కాగితం ప్రతులు ఒకే తీరుగా ఉంటే అది మధ్య సెక్షనుది. రెండింటిలోనూ ఉండి, ఒకదానిలో తిన్నగా, మరొకదానిలో తలకిందులుగా ఉంటే అది వెనుక సెక్షనుది. శబ్ద తరంగాన్ని కూడా ఇలా తలకిందులు చేయవచ్చు. ఈ గుర్తులను బట్టి కాగితాలు విడదీసి పంపే గుమాస్తాయే ప్రాసెసర్. ఒంటి స్పీకరు ఉన్న పాత హాలులో ఆ రీలు వేసినా మాటలకు లోటు వచ్చేది కాదు. అందుకే హాళ్ల యజమానులు దీనిని ఒప్పుకున్నారు.

అదే 1970లలో ఇళ్లకు నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెట్టే 'క్వాడ్రఫోనిక్' గ్రామఫోను రికార్డులు కూడా వచ్చాయి. ఒక కంపెనీ పద్ధతి ఇంకొక కంపెనీ పద్ధతికి సరిపడేది కాదు. ఆ నాలుగింటిలో మధ్య స్పీకరు లేనే లేదు. దశాబ్దం ముగిసేసరికి అవి బజారులో కనుమరుగయ్యాయి.

సినిమా పద్ధతి మాత్రం వీడియో క్యాసెట్ల ద్వారా సులువుగా ఇల్లు చేరింది. స్టీరియో క్యాసెట్టు మీద కూడా ఉండేవి రెండు ట్రాకులే కదా! 1982లో ఇంటికి పనికివచ్చే డాల్బీ సరౌండ్ డీకోడర్లు వచ్చాయి. వాటికి మధ్య స్పీకరు లేదు, విడదీయడం కూడా అంతంతమాత్రమే. 1987లో వచ్చిన 'ప్రోలాజిక్' మధ్య స్పీకరును చేర్చింది. ఏ క్షణాన ఏ దిక్కు శబ్దం ప్రధానంగా ఉందో చూసి, దానిని మిగతా స్పీకర్లలోకి చిందకుండా తగ్గించేది. అనుభవం గల టపా గుమాస్తా కవరు చూడగానే సెక్షను చెప్పినట్లన్నమాట.

మాటకు సొంత దారి

1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్' చిత్రంతో డాల్బీ డిజిటల్ వచ్చింది. రీలు అంచున ఉండే పళ్ల రంధ్రాల నడుమ ఖాళీలో అంకెల రూపంలో శబ్దాన్ని ముద్రించారు. మరుసటి ఏడాది 'జురాసిక్ పార్క్'తో డి.టి.ఎస్. వచ్చింది. అందులో శబ్దం విడిగా సీడీల మీద ఉండేది, రీలు మీద కాల సంకేతం మాత్రమే ఉండేది. రెండూ 5.1 పద్ధతులే. ముందు మూడు, వెనుక రెండు, వెరసి ఐదు. గర్జనలు, పేలుళ్ల వంటి లోతైన శబ్దానికి మరొకటి, దానినే పాయింట్ ఒకటి అంటారు. డీవీడీ 1996లో జపానులోను, 1997లో అమెరికాలోను విడుదలై ఈ పద్ధతిని ఇళ్లకు చేర్చింది. 2012లో 'బ్రేవ్' చిత్రంతో వచ్చిన అట్మాస్ పైకప్పు నుంచి కూడా శబ్దం వినిపించింది.

మనకు ముఖ్యమైన మలుపు 5.1 దగ్గర ఉంది. అక్కడ ఎవరి కాగితాలు వారి కవరులో విడివిడిగా వస్తున్నాయి. సంభాషణలు చాలావరకు మధ్య మార్గంలోనే ఉంటాయి. కనుక సంగీతాన్ని, మోతలను ముట్టుకోకుండా మాటను మాత్రం పెంచే వీలు కలిగింది. వయసుతో పాటు మన చెవి ముందుగా కోల్పోయేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను. స, శ, త వంటి హల్లుల స్పష్టత వాటిలోనే ఉంటుంది. అందుకే గొంతు వినబడుతుంది గాని మాట తెలియదు. మొత్తం సౌండు పెంచితే మోత కూడా దానితో సమంగా పెరుగుతుంది. మాట ఒక్కటే పెరిగితే ప్రయోజనం ఉంటుంది.

మనం చేయవలసినవి

మొదటిది, టీవీ నుంచి పెట్టెకు వెళ్లే హెచ్.డి.ఎం.ఐ. వైరు 'ఏ.ఆర్.సి.' అని రాసి ఉన్న రంధ్రంలో ఉందో లేదో చూడండి. టీవీ సౌండు సెట్టింగులో డిజిటల్ అవుట్‌పుట్ 'పి.సి.ఎం.' అని ఉంటే చాలా టీవీలు రెండు మార్గాలే పంపుతాయి. 'ఆటో' లేక 'బిట్‌స్ట్రీమ్' పెట్టండి.

రెండవది, మోడ్. 'స్టీరియో' పెడితే మధ్య స్పీకరు మూగబోతుంది. 'హాల్', 'స్టేడియం' వంటివి ప్రతిధ్వని కలుపుతాయి, మాటలకు పనికిరావు. పాత సినిమాలకు 'డాల్బీ సరౌండ్' లేదా 'ప్రోలాజిక్' చాలు.

మూడవది, దూరం. శబ్దం ఒక అడుగు నడవడానికి సుమారు సెకనులో వెయ్యో వంతు పడుతుంది. ముందుగా వినబడిన వైపు నుంచే శబ్దం వస్తున్నదని మన చెవి అనుకుంటుంది. కనుక మన పడక కుర్చీ వెనుకే ఉన్న స్పీకరును పెట్టె కాస్త ఆగేలా చేయాలి. టేపు పెట్టి ప్రతి స్పీకరు దూరం కొలిచి ఆ అంకెలు ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

నాలుగవది, 'లెవెల్'. 'టెస్ట్ టోన్' నొక్కితే ఒక్కొక్క స్పీకరు బుస్సుమంటుంది. మీరు రోజూ కూర్చునే చోట అన్నీ సమంగా వినబడేలా సరిచేయండి. తరువాత 'సెంటర్' ఒక్కదానిని 2 లేక 3 డెసిబెల్లు పెంచండి. మనకు కావలసిన కీలకం ఇదే.

ఐదవది, 'నైట్ మోడ్'. ఇది పెద్ద మోతలను తగ్గించి, మెల్లని మాటలను పైకి తెస్తుంది. పేరు రాత్రిదే గాని పగలు వాడినా తప్పు లేదు.

టీవీ కింద పెట్టే సౌండ్ బార్ కొనదలచినవారు పెట్టె మీది మొదటి అంకె చూడండి. 2.1 అంటే మధ్య స్పీకరు లేదు, 3.1 అంటే ఉంది. ఇవన్నీ చేసినా మాట తెలియకపోతే చెవి డాక్టరుకు చూపించుకోవడమే మంచిది. అందులో మొహమాటపడవలసినది ఏమీ లేదు.

ఈసారి పండుగకు పిల్లలు వచ్చినప్పుడు కొత్త సినిమా పెట్టకముందే వారిని కూర్చోబెట్టి, 'సెంటర్ లెవెల్ ఎక్కడుందో చూపించు' అని అడగండి. చూపించాక రిమోటు మీరు తీసుకొని మీ చేత్తోనే ఒకసారి మార్చి చూడండి. వారు ఊరికి వెళ్లాక కూడా దానితో పని మనకే కదా!