కరువూ, సూర్యమచ్చలూ, బ్లేజర్లూ

1877 నవంబరులో ఇంగ్లండు పత్రిక 'నైన్టీన్త్ సెంచురీ'లో 'సూర్యమచ్చలూ, క్షామాలూ' అనే పేరున ఒక వ్యాసం అచ్చయింది. రాసినవారు సామాన్యులు కారు. ఒకరు సూర్యకాంతిని విడదీసి చదవటంలో ఆరితేరిన నార్మన్ లాకియర్. రెండవవారు హిందూదేశ ప్రభుత్వ గణాంకశాఖ అధిపతి విలియం హంటర్. సూర్యబింబం మీది మచ్చలు సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతాయి. అవి తగ్గిన ఏళ్లలో మద్రాసు రాజధానిలో వానలు తగ్గుతాయి. వానలు తగ్గితే కరువు వస్తుంది. ఇదీ వారి వాదం.

ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి మా అనంతపురం పీఠభూమి మీద జనం ఆకలితో మాడి చచ్చిపోతున్నారు. అప్పటికి అనంతపురం జిల్లా అంటూ లేదు; 1882 దాకా ఈ తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. ధాత నామ సంవత్సరంలో మొదలయింది కనుక మా పెద్దలు దాన్ని ధాత కరువు అనేవారు. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతటా లక్షలకు లక్షలు పోయారు.

గేలక్సీల గురించి రాయబూనినవాడు కరువు దగ్గర మొదలుపెట్టాడేమని పాఠకులు అడగవచ్చు. దూరపు గేలక్సీల కాంతిని గీతలుగా విడదీసి చదివే విద్య మన ప్రాంతంలో ఎలా పాదుకున్నదో వెతకబోతే ఈ కరువు నాకు దారికి అడ్డంగానే కూర్చుని కనిపించింది. తప్పించుకుపోవటం సాధ్యం కాలేదు.

కథ నిజానికి అంతకు తొమ్మిదేళ్ల ముందే, గుంటూరులో మొదలయింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఇంగ్లీషువారి పక్షాన టెనెంట్ గుంటూరులో దిగారు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో కూర్చున్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. చంద్రుడు సూర్యుణ్ణి మింగిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుని అంచున లేచే మంటల కాంతిని స్పెక్ట్రోస్కోపులో చూస్తే, అఖండమైన రంగుల పట్టీ కాక వేరువేరు వెలుగు గీతలు కనబడ్డాయి. అంటే ఆ మంటలు మండే వాయువులన్నమాట. మర్నాడు గ్రహణం లేకుండానే ఆ గీతలను చూసే ఉపాయం జాన్సెన్ కనిపెట్టాడు. గుంటూరులోనే హీలియం కనుగొన్నారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు గాని, అది పూర్తిగా సరికాదు. ఆనాడు పసుపు గీత చూసినవారు దాన్ని సోడియం గీత అనే అనుకున్నారు. అది సోడియం చోటులో లేదని ఆ అక్టోబరులో ఇంగ్లండు నుంచి చూసి తేల్చినవాడు లాకియర్. భూమి మీద హీలియం దొరికింది 1895లో, రామ్సే చేతికి. గుంటూరుకు దక్కవలసిన కీర్తి వేరే ఉంది: ఆకాశంలోని వస్తువు దేనితో తయారయిందో దాని వెలుగునే అడిగి తెలుసుకోవచ్చునని ప్రపంచానికి నమ్మకం కుదిరిన చోట్లలో అదొకటి.

అంత నిశితంగా గీత చదివిన లాకియరే తొమ్మిదేళ్లకు కరువును సూర్యుని పద్దులో రాశాడు. ఇక్కడ ఆగి చూడాలి. మచ్చల లెక్క అబద్ధం కాదు. వానల లెక్కా అబద్ధం కాదు. ఈ రెంటికీ, ఆకలిచావుకూ మధ్యనున్న మెట్లనే ఆయన దాటేశాడు. 1871 నాటికే మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరుకు రైలు నడుస్తున్నది. గింజ లేక కాదు, గింజ కొనే కూలి లేక జనం చచ్చారు. వ్యాపారంలో జోక్యం చేసుకోరాదన్నది దొరతనంవారి నీతి. ధాన్యం ఎగుమతి ఆగలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటే దర్బారు జరిగింది. ఆ నెలలోనే రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను గింజ, పైన కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రాళ్లు కొట్టేవాడికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఎదిరించి రాశాడు. 1880లో క్షామ కమిషనే, మన కరువులు తిండికన్న పనికి వచ్చిన కరువులని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ సంగతి సూర్యబింబం మీద వెతికితే దొరకదు.

సూర్యుడు దోషి అయితే కలెక్టరు దోషి కానక్కరలేదు. లాకియర్ మనసులో ఈ దురుద్దేశం ఉన్నదని నేననను. కాని సిద్ధాంతం ఎవరికి ఉపయోగపడిందో చూడకుండా దాని చరిత్ర రాయటం కుదరదు.

విచిత్రమేమంటే, ఈ తప్పు దారి నుంచే మంచి విద్య పుట్టింది. సూర్యుణ్ణి రోజూ కనిపెట్టి ఉంటే రుతుపవనాల గుట్టు తెలుస్తుందన్న ఆశ కొడైకెనాల్ కొండ మీద వేధశాల పెట్టటానికి ఒక ప్రబల కారణమయింది. 1899 నుంచి అక్కడ పని సాగింది. 1909లో ఎవర్‌షెడ్ సూర్యమచ్చల్లోని వాయువు బయటికి ప్రవహిస్తుందని గీతల జరుగుబాటును బట్టి తేల్చాడు. వానల సంగతి మాత్రం తేలలేదు. వాతావరణశాఖకు వచ్చిన గిల్బర్ట్ వాకర్ లెక్కలు వేసి, సూర్యమచ్చలకూ మన వానలకూ ఉన్న సంబంధం బలహీనమైనదని చూపించాడు. పసిఫిక్ మహాసముద్రంతో ముడిపడిన వాయుపీడనపు ఊపును పట్టుకున్నదీ ఆయనే. 1877 నాటి వానలోటు వెనుక మహాప్రబలమైన ఎల్ నినో ఉన్నదని నేడు తెలుసు.

1960లో కొడైకెనాల్‌కు అధిపతిగా వచ్చిన వైణు బాపు మలయాళీ అయినా హైదరాబాదులో పెరిగినవాడు. నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగి. కొడుకు నిజాం కాలేజీలో చదివి, హార్వర్డులో పట్టా తీసుకున్నాడు. ఒక్క సూర్యుణ్ణే చూస్తూ కూర్చుంటే చాలదని ఆయన జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నాడు. 1968లో అక్కడ 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పని మొదలయింది. ఉస్మానియా వారి 48 అంగుళాల దూరదర్శిని రంగాపురంలో లేచింది కూడా ఆ సంవత్సరమే. గుంటూరు గ్రహణానికి సరిగ్గా నూరేళ్లు. 1972లో కావలూరుకు ఒక మీటరు అద్దం వచ్చింది. బాపు తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని ఆయన 1982లో పోయిన తరవాత, 1986లో ఆయన పేరు మీదనే ప్రారంభమయింది.

ఇంత అద్దం దేనికి? గేలక్సీ కాంతి బహు పలచన. దాన్ని గీతలుగా చీలిస్తే మరింత పలచబడుతుంది. 1908లోనే లిక్ వేధశాలలో ఫాత్ అనే యువకుడు ఎన్.జి.సి. 1068 అనే గేలక్సీ నడిబొడ్డున వెలుగు గీతలు చూశాడు. మామూలు గేలక్సీ అంటే నక్షత్రాల మూక. దాని కాంతిలో ప్రధానంగా నల్ల గీతలుంటాయి. 1943లో సీఫర్ట్ అలాంటివి మరికొన్ని పోగుచేసి, ఆ గీతలు ఎంత వెడల్పో కొలిచాడు. గీత వెడల్పయిందంటే వాయువు కొంత మనవైపు, కొంత అవతలివైపు పరుగెడుతున్నదని అర్థం. సెకనుకు వేల కిలోమీటర్ల వేగం! దాన్ని అంత జోరుగా తిప్పేది నడుమనున్న కృష్ణబిలమని తరవాత తేలింది. 1963లో ష్మిట్ 3సి 273 కాంతిలోని గీతలు పరిచితమైన హైడ్రోజన్ గీతలేననీ, అవి నూటికి 16 వంతుల మేర ఎరుపువైపు జరిగాయనీ గుర్తించాడు. నక్షత్రంలా కనబడే చుక్క 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరాన ఉన్నది!

బ్లేజర్లది మరో రకపు మొండితనం. వాటిలో మొదటిదైన బి.ఎల్. లాసర్టేను 1929లో హాఫ్‌మైస్టర్ వెలుగు మారే నక్షత్రమనుకుని జాబితాకెక్కించాడు. కృష్ణబిలం దగ్గర నుంచి వెలువడే వేగవంతమైన ధార సూటిగా మన ముఖాన పడుతున్నందున, దాని కాంతిలో గీతలు మునిగిపోతాయి. చదవబోతే ఖాళీ పలక. ధార మందగించినప్పుడు అడుగునున్న గీత పైకి తేలుతుంది. 1995లో ఈ బి.ఎల్. లాసర్టేలోనే వెడల్పాటి హైడ్రోజన్ గీత అలా కనబడింది. అందుకని బ్లేజరును ఒకనాడు చూసి వదిలితే లాభం లేదు, ఏళ్ల తరబడి కాపలా కాయాలి.

కాపలా కాసేవారికి పాత జబ్బు మళ్లీ తగిలే ప్రమాదముంది. ఓ.జె. 287 అనే బ్లేజరు సుమారు 12 ఏళ్లకొకసారి భగ్గుమంటుందనీ, ఒక కృష్ణబిలం చుట్టూ మరొకటి తిరగటమే అందుకు కారణమనీ ఒక సిద్ధాంతం ఉంది. 2022 అక్టోబరులో రావలసిన పెద్ద వెలుగు రాలేదని కొందరు పరిశీలకులు రాశారు. లెక్క కట్టినవారు తమ జవాబు తాము చెప్పారు. ఎగుడుదిగుడుగా మారే వెలుగులో కన్ను తనంతట తానే ఆవృత్తిని అల్లుకుంటుంది. ఇక్కడ తప్పు పడితే ఒక వ్యాసం చెల్లదు, అంతే. 1877లో పడిన తప్పు అటువంటిది కాదు.

వానలు లేని మా జిల్లాలో ఒక దూరదర్శిని పెట్టరాదా అని నన్నడిగినవారున్నారు. వాన లేని చోటల్లా మబ్బు లేని చోటు కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి నుంచి మబ్బులు వచ్చి, చేలో నిలబడ్డవాడి తలమీదుగా కురవకుండానే తూర్పుకు పోతాయి. వాటిని తోలే గాలికే రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఇప్పుడు మంచి ఆకాశం కోసం లడఖ్‌లోని హాన్లే దాకా పోయారు. హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.లో తయారయి 2024లో ప్రారంభమైన 21 మీటర్ల గామాకిరణ దూరదర్శిని బ్లేజర్లను కాచేది అక్కడి నుంచే. అక్కడే ఉన్న 2 మీటర్ల దూరదర్శినిని నడిపేవారు మాత్రం బెంగుళూరు పక్క హొసకోటెలో కూర్చుంటారు. మీట నొక్కితే ఉపగ్రహం మీదుగా హాన్లేలో అద్దం తిరుగుతుంది. మడకశిర, కదిరి ప్రాంతాల్లో శనగపంట ఎండినవారు మేస్త్రీ పనికి బస్సెక్కి చేరుకునేదీ ఆ బెంగుళూరుకే.