ఛాయ నుంచి శిల్పానికి: విలెమ్ ఫోటోశిల్పం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఛాయాచిత్రాల ఆధారంగా శిల్పాన్ని రూపొందించే ప్రయత్నం కంప్యూటర్ యుగంలో మొదలైనది కాదు. 1860లోనే ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా విలెమ్ ఇందుకొక పద్ధతిని కనిపెట్టి పేటెంటు పొందాడు. ఆ పద్ధతిని నేటి త్రిమితీయ స్కానింగుకు తొలిరూపంగా పేర్కొనడం పరిపాటి. అయితే యంత్రం చేసిన పనితోపాటు, అది చేయలేక శిల్పి చేతికి విడిచిపెట్టిన పనిని కూడా గుర్తిస్తూ ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ఛాయాచిత్రం, ఫోటోశిల్పం, విలెమ్, బాహ్యరేఖ, ఫోటోగ్రామెట్రీ, బామియాన్.

1. ఉపోద్ఘాతం:

ఛాయాచిత్రానికి పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి. లోతు చూపరి ఊహలో ఉంటుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ స్టీరియోస్కోపును వివరిస్తూ, రెండు కళ్లకు రెండు వేర్వేరు చిత్రాలు చూపితే లోతు గోచరిస్తుందని నిరూపించాడు. మరుసటి సంవత్సరమే డాగెర్ ఛాయాచిత్రణ పద్ధతి లోకానికి వెల్లడైంది. ఈ రెండింటి కలయికతో 19వ శతాబ్ది మధ్యభాగంలో స్టీరియో చిత్రాలు విశేషంగా ప్రచారం పొందాయి. కాని అవి కల్పించిన లోతు కంటికి కనిపించేదే తప్ప చేతికి తగిలేది కాదు. చేతికి తగిలే రూపాన్ని ఛాయాచిత్రం నుంచి రాబట్టడం ఎలాగన్న ప్రశ్నకు చిత్రకారుడూ శిల్పీ అయిన విలెమ్ (1830-1905) సమాధానం వెదికాడు.

2. ఫోటోశిల్ప నిర్మాణ విధానం:

విలెమ్ గాజు కప్పుగల వర్తులాకార మందిరాన్ని నిర్మించాడు. నమూనాగా వచ్చిన వ్యక్తి దాని నడుమ వేదికపై నిలుస్తాడు. చుట్టూ 24 కెమెరాలుంటాయి. ఒక్కొక్కటి పక్కదానికి 15 డిగ్రీల ఎడంతో ఉంటుంది. కొద్ది క్షణాల్లోనే 24 దిక్కుల నుంచి ఆ వ్యక్తి చిత్రాలు సిద్ధమవుతాయి.

తరువాతి పని కార్యశాలలో జరుగుతుంది. ఒక్కొక్క చిత్రాన్ని మ్యాజిక్ లాంతరుతో తెరమీద ప్రసరింపజేస్తారు. పనివాడు పాంటోగ్రాఫ్ ఒక కొనతో తెరపై బాహ్యరేఖను అనుసరిస్తూ పోతాడు. రెండో కొనకు అమర్చిన ఉలి ఆ రేఖనే మట్టిదిమ్మెపై కోస్తుంది. ఒక చిత్రం పూర్తికాగానే దిమ్మెను 15 డిగ్రీలు తిప్పి తరువాతి చిత్రాన్ని అందుకుంటారు. పాంటోగ్రాఫ్ నిష్పత్తిని మార్చి ప్రతిమను చిన్నదిగానో పెద్దదిగానో చేయవచ్చు. చివరకు శిల్పి కోతల గరుకుదనాన్ని చేతితో సరిదిద్దుతాడు. ఆపై ప్రతిమను ప్లాస్టరులోనో కంచులోనో పోతపోస్తారు.

3. ఆదరణ, క్షీణత:

ఈ ప్రక్రియకు ఆనాటి మేధావివర్గంలో మంచి ఆదరణ లభించింది. కవి, విమర్శకుడు తెయొఫీల్ గోతియే దీన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. లండన్‌లో స్థిరపడిన ఛాయాగ్రాహకుడు ఆంత్వాన్ క్లోదే 1864లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో దీని గురించి ప్రసంగించాడు. అదే ఏడు విలెమ్‌కు అమెరికన్ పేటెంటు దక్కింది. 1867 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలోనూ ఫోటోశిల్పాలు చోటుచేసుకున్నాయి. అయినా 1860ల చివరినాటికే ఆ వ్యాపారం మూతపడింది. ఎన్నో కెమెరాలు, ప్రత్యేక మందిరం, నిపుణులైన పనివారు అవసరమైన పద్ధతి అది. శిల్పి శ్రమ తగ్గిందే గాని తప్పలేదు.

4. బాహ్యరేఖకు అందనిది:

శిల్పి శ్రమ ఎందుకు తప్పలేదన్న ప్రశ్నకు జవాబు ఆ పద్ధతి స్వభావంలోనే ఉంది. బాహ్యరేఖ వస్తువు అంచును మాత్రమే చెబుతుంది. బల్లమీద ఉన్న గిన్నెను దాని ఎత్తునే కన్నుంచి చూస్తే, అది బోలుగా ఉందో లోపలంతా గట్టిగా ఉన్న దిమ్మో తెలియదు. ఆ ఎత్తులోనే చుట్టూ తిరిగి 24 చోట్ల నుంచి చూసినా తెలియదు. మనిషి రూపంలోనూ అంతే. చెవి దొప్పలోని గుంట, కంటికొనకూ ముక్కుకూ నడుమ పల్లం, బట్ట మడతల లోపలి భాగం బాహ్యరేఖకు అందవు. ముఖానికి జీవం పోసేవి ప్రధానంగా ఈ పల్లాలే. వాటిని చెక్కినది యంత్రం కాదు, శిల్పి చేయి.

ఈ పరిమితికి గణితరూపం చాలా ఆలస్యంగా లభించింది. 1974లో బ్రూస్ బౌమ్‌గార్ట్ స్టాన్‌ఫర్డ్ సిద్ధాంతగ్రంథంలో బాహ్యరేఖల నుంచి ఆకృతిని నిర్మించే పద్ధతిని కంప్యూటర్‌కు అన్వయించాడు. 1994లో అల్డో లౌరెంతీనీ ‘విజువల్ హల్’ భావన ద్వారా బాహ్యరేఖలు ఎంతవరకు ఆకృతిని ఇవ్వగలవో హద్దు నిర్ణయించాడు. విలెమ్ కార్యశాలలో శిల్పులు ప్రతిరోజూ ఎదుర్కొన్న హద్దు అదే.

5. మరో మార్గం - బామియాన్ అనుభవం:

అంచులను కాక, వేర్వేరు చిత్రాల్లో కనిపించే ఒకే బిందువును గుర్తించి దాని స్థానాన్ని లెక్కగట్టే మార్గం ఫోటోగ్రామెట్రీ. జర్మన్ వాస్తుశిల్పి ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ 1858లో వెట్స్లార్ చర్చిని కొలుస్తూ ఎత్తునుంచి పడబోయి తప్పించుకున్నాడు. ప్రాణాపాయం లేకుండా కట్టడాలను ఛాయాచిత్రాలతో కొలవాలన్న ఆలోచన అతనికి అక్కడే కలిగింది.

ఈ మార్గానికి కఠినపరీక్ష 2001లో ఎదురైంది. ఆ ఏడు మార్చిలో బామియాన్ బుద్ధవిగ్రహాలను పేల్చివేశారు. జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్. పరిశోధకులు ఆర్మిన్ గ్రూన్ నాయకత్వంలో పెద్ద విగ్రహాన్ని కంప్యూటరులో పునర్నిర్మించారు. 1970లో రాబర్ట్ కోస్ట్కా కొలతల కోసమే తీసిన చిత్రాలు అందుకు ముఖ్యాధారమయ్యాయి. ఇక్కడా స్వయంచాలిత గణన సరిపోలేదు. చీవరపు సన్నని మడతలను రాబట్టడానికి పరిశోధకులు బిందువులను స్వయంగా గుర్తించి కొలవవలసి వచ్చింది. విలెమ్ శిల్పులను నిలువరించిన మడతలే 140 ఏళ్ల తరువాత కూడా మనిషి కంటిని, చేతిని కోరాయి.

6. ముగింపు:

ఫోటోశిల్పాన్ని కేవలం యంత్ర విజయంగా చెప్పే చరిత్ర అసంపూర్ణం. పేటెంటు మీద ఉన్నది విలెమ్ పేరు. పల్లాలను తీర్చిన పనివారి పేర్లు ఆ పత్రానికి ఎక్కలేదు. తెలుగునాట నేటికీ పెద్దల ఛాయాచిత్రం ఒకటి చేతపట్టుకొని శిల్పి దగ్గరకు వెళ్లే కుటుంబాలున్నాయి. ఆ చిత్రంలో లేని తల వెనుకభాగాన్ని, భుజాల వాలును శిల్పి తన అనుభవంతోను, ఇంటివారు చెప్పే గుర్తులతోను పూరిస్తాడు. చిత్రం ఇవ్వలేనిదాన్ని ఎవరు, దేని ఆధారంగా పూరించారన్న ప్రశ్నను ప్రతి త్రిమితీయ పునర్నిర్మాణం విషయంలోను పరిశోధకులు అడగాలి. ఆ వివరం నమోదు కాకపోతే, ఊహించి చేర్చిన భాగం కూడా కాలక్రమంలో సాక్ష్యంగా చలామణి అయ్యే ప్రమాదముంది.